గాన్సీ: విప్పి మళ్లీ అల్లుకునే స్వెట్టరు

స్వెట్టరు చేతులు మణికట్టు దాకా రాకుండా పైనే ఆగిపోతే మన ఇళ్లలో అది చిన్నవాడికి దిగిపోతుంది. ఇంగ్లండు, స్కాట్లండు తూర్పు తీరాల జాలరి ఇళ్లలో మాత్రం చేతులను కావాలనే పొట్టిగా అల్లేవారు. జనవరిలో ఉత్తర సముద్రం మీద, పైకప్పు లేని పడవలో నిలబడి, గడ్డకట్టించే నీళ్లలోంచి గాలాల తాడు లాగే మనిషికి వేళ్ల దాకా ఊలు ఉంటే బాగుండుననిపిస్తుంది. కానీ ఉప్పునీళ్లలో తడిసిన చేతి కొస ఆ చలిలో ఎండదు. తాడు లాగిన ప్రతిసారీ మణికట్టు మీద ఒరుసుకుంటుంది. కొద్ది రోజులకే చర్మం లేచి, ఉప్పు పుళ్లు పడతాయి. చలిని ఓర్చుకోవచ్చు గానీ పుండు పడ్డ మణికట్టుతో తాడు లాగడం కుదరదు. అందుకని ముంజేతిలో కొంత భాగాన్ని చలికి వదిలేసి, చేతిని పనికి దక్కించుకున్నారు.

ఆ స్వెట్టరు పేరు గాన్సీ. షెట్లండ్ దీవుల నుంచి నార్‌ఫోక్ దాకా, అటు దక్షిణాన కార్న్‌వాల్ దాకా, 19వ శతాబ్దమంతా, 20వ శతాబ్దం మొదటి సగంలోనూ జాలరులు చలికి ఒంటిమీద వేసుకున్నది ఇదే. కార్న్‌వాల్‌లో నిట్‌-ఫ్రాక్ అనేవారు. లోపల ఫ్లానెల్ చొక్కా, దానిమీద ఒంటికి అతుక్కున్నట్టుండే ముదురు నీలం గాన్సీ, వాన కురిసినా అలలు మీదపడినా దానిపైన నూనె పట్టించిన కోటు. దీని గురించి రాసేవాళ్లలో చాలామంది ఛాతీ మీది నమూనాల దగ్గరే ఆగిపోతారు. నమూనాలు అందమైనవే, కాదనను. కానీ అసలు పనితనం చూడాలంటే చంకలోకీ భుజం మీదికీ మోచేతి కిందికీ చూడాలి. ఎక్కడ చిరుగుతుందో ముందే తెలిసి, చిరిగిన చోటును మాత్రమే విప్పి మళ్లీ అల్లుకునేలా తయారైన బట్ట ఇది. అలాంటి ముందుచూపు ఉన్న చేతి అల్లిక నాకు మరొకటి తెలియదు.

ముందు నూలు సంగతి. మామూలు స్వెట్టరు ఊలు మెత్తగా, గాలి నింపుకుని ఉంటుంది. గాన్సీ ఊలు అలా ఉండదు. పొడవు పోగుల ఊలును దువ్వెనలతో దువ్వి, పోగులన్నీ ఒకే దిక్కుకు పడుకునేట్టు చేసి, బిగువుగా వడికి, అలాంటి అయిదు పోగులను కలిపి మళ్లీ పురి పెడతారు. చేతిలోకి తీసుకుంటే సన్నని తాడులా గట్టిగా, గుండ్రంగా తగులుతుంది. చర్మానికి హాయిగా ఉండే సరుకేమీ కాదు. మెడ దగ్గర గీరుకుంటుంది. అయితే ఆ గట్టి పురి వల్ల చినుకులు వెంటనే లోపలికి ఇంకవు, గాలి దూరదు, రాపిడికి త్వరగా అరగదు. ఊలుకు సహజంగా ఉన్న గుణం ఎటూ ఉంది: తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు, పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా పుట్టిస్తుంది. పత్తి బట్టకు ఆ భాగ్యం లేదు. తడిసిన పత్తి చొక్కా ఒంట్లో ఉన్న వేడిని లాగేస్తుంది.

రంగు నీలం. 1897లో జర్మనీ కంపెనీ బాస్ఫ్ కృత్రిమ నీలిని అంగళ్లలోకి తెచ్చేదాకా బ్రిటన్ అద్దకాలకు నీలిమందు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. బెంగాలు, బీహారు నీలిమందు పేరు అందరికీ తెలిసిందే. మద్రాసు ప్రెసిడెన్సీలో కడప జిల్లా కూడా నీలి పంటకు పేరుపడ్డదేనని మనవాళ్లలో చాలామంది మరిచిపోయారు.

ఇక అల్లిక. గాన్సీ ఒంటికి అతుకు ఉండదు. ముందు భాగం, వెనక భాగం వేరువేరుగా అల్లి కుట్టడం కాదు. రెండువైపులా మొనలున్న అయిదు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఉక్కు సూదుల మీద గొట్టంలా చుట్టూ తిరుగుతూ అల్లుతారు. ఆ సూదులను స్కాట్లండు ఆడవాళ్లు తీగలనే పిలిచేవారు. నిజంగానే తీగలంత సన్నం, మూరకు దగ్గర పొడవు. అంగుళానికి ఏడెనిమిది కుట్లు మామూలు. నార్‌ఫోక్ తీరంలోని షెరింగ్‌హామ్‌లో అంగుళానికి పది, పన్నెండు కుట్లు పడిన గాన్సీలు ఉన్నాయి. ఒక మాదిరి మనిషికి లెక్క వేసి చూడండి. 42 అంగుళాల చుట్టుకొలతకు అంగుళానికి 8 చొప్పున ఒక వరసకు 336 కుట్లు. అంగుళానికి 12 వరసల చొప్పున రెండడుగుల పొడవుకు 288 వరసలు. చేతులు, మెడ వదిలేసి ఒక్క ఒంటికే లక్షకు దగ్గర కుట్లు. ఇది పగలంతా వేరే పని చేసి, రాత్రి నూనె దీపం ముందు, ముదురు నీలం నూలుతో. చీకట్లో నలుపుకీ ముదురు నీలానికీ తేడా కనిపించదు. కాబట్టి ఈ పని కళ్లతో కంటే వేళ్లతోనే ఎక్కువ జరిగి ఉండాలి.

వేళ్ల వేగానికి వాళ్ల దగ్గర ఒక చిన్న సాధనం ఉండేది. గుర్రపు వెంట్రుకలు కూరి, పైన చిల్లులు పొడిచిన తోలు మెత్త ఒకటి నడుం పట్టీకి కుట్టి ఉంటుంది. కొన్నిచోట్ల దానికి బదులు చెక్కతో చేసిన కోశం నడుములో దోపుకుంటారు. కుడిచేతి సూది వెనక కొసను ఆ చిల్లులో గుచ్చితే సూది బరువును నడుము మోస్తుంది. అప్పుడు కుడిచెయ్యికి సూదిని పట్టుకునే పని తప్పి, నూలు వేయడమొక్కటే మిగులుతుంది. నిలబడి అల్లొచ్చు, నడుస్తూ అల్లొచ్చు. రేవులో పడవ కోసం ఎదురుచూస్తూ, బుట్ట వీపున వేసుకుని కొండ ఎక్కుతూ అల్లుతున్న ఆడవాళ్ల పాత ఫొటోలు చాలా ఉన్నాయి. అందులో సోకు కోసం తీయించుకున్నవీ లేకపోలేదు గానీ, నడుం పట్టీ మాత్రం ఫొటో కోసం కట్టుకున్నది కాదు.

మొదలుపెట్టేటప్పుడు కింది అంచుకు నూలును రెండు పేటలుగా తీసుకుంటారు. పడవ అంచుకు ఆనుకుని పనిచేసేటప్పుడు మొదట అరిగేది అదే. అంచు మీద, ఒక పక్కన, వేసుకునేవాడి పొడి అక్షరాలు అల్లికలోనే వస్తాయి. అక్కడినుంచి ఛాతీ దాకా చాలా ఊళ్లలో సాదా అల్లికే. ఆ భాగం కోటు కిందా లాగు కిందా పోతుంది, అక్కడ అలంకారం దండగ. రెండు పక్కలా నిలువునా ఒక్కో తిరగకుట్టు (బొడిపె పైకి తేలే కుట్టు) మాత్రం గీతలా పైకి వెళుతూ ఉంటుంది. లేని అతుకును ఉన్నట్టు చూపించే గీత అది. సూదుల మీద తిరుగుతున్న గొట్టంలో ముందేదో వెనకేదో, నమూనా ఎక్కడ మొదలవ్వాలో వేళ్లకు చెప్పే గుర్తు.

ఆ గీత చంక దగ్గరికి వచ్చేసరికి విచ్చుకుంటుంది. ఒక కుట్టు మూడవుతుంది, మూడు అయిదవుతాయి, అలా పెరుగుతూ మూడు నాలుగు అంగుళాల త్రికోణం తయారవుతుంది. తర్వాత చెయ్యి అల్లేటప్పుడు అదే క్రమంలో తగ్గుతూ పోయి, చంక కింద డైమండు ఆకారం మిగులుతుంది. జుబ్బాకు దర్జీ వేసే చంకముక్క కూడా ఈ పనికే. అయితే దర్జీ ముక్కను కత్తిరించి కుడతాడు, ఇక్కడ అది బట్టలోంచే మొలుస్తుంది. గాన్సీ ఒంటికి అంత బిగువుగా ఉంటుందంటే ఈ డైమండు లేకపోతే చెయ్యెత్తగానే కింది అంచు నడుం దాటి పైకి వచ్చేస్తుంది. తెడ్డు వేసే మనిషి, తలపైకి చేతులెత్తి తెరచాప తాడు గుంజే మనిషి రోజుకు ఎన్నిసార్లు చెయ్యెత్తుతాడో! బిగువు వదలకూడదు, ఎందుకంటే వదులుగా ఉంటే గాలి దూరుతుంది, గాలాలకు తగులుకుంటుంది. కదలిక ఆగకూడదు. ఈ రెండింటికీ రాజీ కుదిర్చింది ఆ చిన్న డైమండు. గాన్సీలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. చెయ్యి దించితే కనిపించదు కూడా.

చంక పైనుంచి గొట్టం రెండుగా చీలుతుంది. ముందు వెనకలను విడివిడిగా భుజాల దాకా అల్లి, భుజం దగ్గర రెండిటి కుట్లనూ ఒకేసారి మూడో సూదితో ముడివేస్తూ మూసేస్తారు. ఇక్కడా సూదీదారంతో కుట్టేది లేదు. తర్వాత అందరూ చేసేదానికి తలకిందులు పని ఒకటి చేస్తారు. మామూలుగా స్వెట్టరు చేతిని మణికట్టు దగ్గర మొదలుపెట్టి పైకి అల్లి, భుజానికి కుడతారు. గాన్సీకి భుజం చుట్టూ కుట్లు ఎత్తుకుని, అక్కడినుంచి కిందికి, మణికట్టు వైపుకు అల్లుతారు. కారణం అల్లిక స్వభావంలోనే ఉంది. అల్లిన బట్ట ముగించిన కొస నుంచే సులువుగా విప్పొస్తుంది, మొదలుపెట్టిన వైపునుంచి విప్పబోతే మొరాయిస్తుంది. జాలరి బట్టలో ముందు పాడయ్యేవి చేతి కొసా మోచెయ్యీ. ముగింపు అక్కడ పెడితే, పాతచీరకు ఫాల్ మార్చినట్టు, పాడైన మేరకు విప్పేసి కొత్త నూలుతో మళ్లీ అల్లుకోవచ్చు. మిగతా స్వెట్టరును ముట్టుకోనక్కర్లేదు. మోచేతి కింద సాదాగా అల్లడం కూడా అందుకే, సాదా అల్లికయితే తిరిగి అల్లడం త్వరగా అవుతుంది. పాత గాన్సీ ఏదైనా మీ కంట పడి, అందులో ముంజెయ్యి రంగు ఒంటి రంగు కంటే ముదురుగా ఉంటే అది మచ్చ కాదు. కొన్నేళ్ల తర్వాత పోసిన కొత్త నూలు.

ముందుకీ వెనక్కీ తేడా లేకుండా అల్లడం మరొక ఆదా. మెడ కూడా రెండువైపులా ఒకే ఎత్తు. ఈ రోజు ముందున్నది రేపు వెనక్కి తిప్పి వేసుకుంటే ఛాతీ, మోచేతులు రెండువైపులా సమానంగా అరుగుతాయి. మెడపట్టీ మాత్రం ఎంత బిగువంటే, చిన్నప్పుడు గాన్సీ విప్పేటప్పుడు చెవులు ఊడొస్తాయేమో అనిపించేదని ఆ ఊళ్ల ముసలివాళ్లు చెప్పుకుంటారు. స్కాట్లండులో దానికి విరుగుడుగా మెడ పక్కన బొత్తాలు పెట్టారు.

ఇప్పుడు ఛాతీ దగ్గరికి వద్దాం. నమూనాలకు రంగులు లేవు, ఉన్నది ఒక్క నీలమే. సాదాకుట్టు, తిరగకుట్టు, ఒకదాని మీదుగా ఒకటి దాటించే తాడు మెలిక, ఇంతే సామగ్రి. వీటితోనే నిచ్చెనలు, చేప ముల్లు, వల కన్ను, జెండాలు, లంగరు, అలల అచ్చు, వడగళ్లు. ఈ పేర్లు ఊరూరికీ మారేవి. నమూనా ఎక్కడ పడిందో గమనించండి: సరిగ్గా గుండె, ఊపిరితిత్తులు, పై వీపు ఉన్న మేర. తిరగకుట్టు బొడిపెలూ తాడు మెలికలూ బట్టను మందం చేస్తాయి, మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. పురి గట్టిగా ఉన్న నూలు కాబట్టి ప్రతి బొడిపే ఒక నీడ వేస్తుంది. మెత్తని ఊలుతో ఇదే నమూనా అల్లితే నలిగిన దుప్పటిలా కనిపిస్తుంది. వెచ్చదనానికి పెట్టిన మందం అందానికీ పనికొచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చే పని నేను పెట్టుకోను. లక్ష కుట్లు వేసే మనిషి వెచ్చదనం కోసం మాత్రమే అంత ఓపిక పట్టదు.

ఇక్కడే ఒక కథ అడ్డం వస్తుంది. ఊరికో నమూనా ఉండేదట, మునిగిపోయిన జాలరి శవం ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొస్తే గాన్సీ చూసి ఏ ఊరివాడో చెప్పేవారట. పర్యాటకుల పుస్తకాల్లో దీన్ని తప్పకుండా రాస్తారు. నమూనాలను పోల్చి చూస్తే ఇది నిలవదు. ఒకే ఊళ్లో పది రకాలు, ఒకే రకం పది ఊళ్లలో కనిపిస్తాయి. షెరింగ్‌హామ్ సన్నపు పని, హెబ్రిడీస్ దీవుల్లోని ఎరిస్కే వారి ఒళ్లంతా నిండిన అల్లిక లాంటి ప్రాంతపు ధోరణులు ఉన్నమాట నిజమే గానీ, అవి చిరునామాలు కావు. ఈ కథకు ఊపిరి పోసింది 1904లో రంగస్థలం ఎక్కిన జె.ఎం. సింజ్ నాటకం ‘రైడర్స్ టు ది సీ’ అని చాలామంది అంటారు. అది ఐర్లండు పడమటి తీరంలోని ఆరన్ దీవుల కథ. అందులో చెల్లెలు మునిగిపోయిన అన్నను గుర్తుపట్టేది స్వెట్టరుతో కాదు, మేజోడుతో. అదీ ఊరి నమూనాను బట్టి కాదు, తను అల్లినప్పుడు జారవిడిచిన కుట్లను లెక్కపెట్టి. అల్లిన చెయ్యి తన పనిని తాను గుర్తుపట్టడం నమ్మదగ్గ మాటే. కింది అంచు మీది పొడి అక్షరాలూ ఉన్నాయి. ఊరి ముద్ర అన్నది మాత్రం తర్వాత అతికించిన కథ. ఈ కథ గాన్సీకి విషాదపు వెలుగు తెచ్చిపెట్టి, చంకలోని డైమండును చీకట్లో పెట్టింది. నాకు దానిమీద కోపం అందుకే.

నమూనాలు ఊరు దాటడానికి కారణం కూడా పనే. హెర్రింగ్ చేపల గుంపులు ఏడాదిలో షెట్లండ్ దగ్గర మొదలుకొని తూర్పు తీరం వెంట ఒకచోట తర్వాత ఒకచోట పడేవి. వాటి వెంట పడవలు, పడవల వెంట రైళ్లలో వేలమంది ఆడవాళ్లు. ముగ్గురేసి జట్టు: ఇద్దరు చేప కోసి పేగులు తీస్తారు, ఒకామె ఉప్పుతో పీపాలో పేరుస్తుంది. కత్తి కొయ్యకుండా, ఉప్పు పుండ్లలో దిగకుండా వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకునేవారు. శరత్కాలం చివరికి గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ రేవులకు చేరేవారు. 1913లో ఆ వేట పరాకాష్ఠకు వెళ్లింది, మొదటి ప్రపంచయుద్ధంతో మార్కెట్లు కూలాయి. పడవలు రాని గంటల్లో ఈ ఆడవాళ్ల చేతుల్లో సూదులే. పక్కావిడ చేతిలోని తాడు మెలిక నచ్చితే చూసి నేర్చుకోవడమే, కాగితం లేదు. ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లకు చలికాలం ఇంకా కష్టం. యార్క్‌షైర్ తీరంలో స్టెయిత్స్, ఫైలీ లాంటి ఊళ్లలో కాడ్ చేపల కోసం వేసే పొడవాటి గాలాల తాళ్లకు ఎర గుచ్చేది ఆడవాళ్లే. ఆల్చిప్పలు వలిచి వందల గాలాలకు గుచ్చి, ఆ తర్వాత అల్లిక. కార్న్‌వాల్‌లో వర్తకులకు కూలికి నిట్‌-ఫ్రాక్‌లు అల్లి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పనికి తగ్గ కూలి వాళ్లకెప్పుడూ రాలేదు.

గాన్సీ ఒక్కటే చలినీ నీటినీ ఆపదు. పైన వేసుకునే కోటు నూలు గుడ్డకు అవిసె నూనె పూత మీద పూత పట్టించి ఎండబెట్టింది. నార్వేలో మోస్ అనే ఊళ్లో హెలీ యూల్ హాన్సెన్ అనే నౌకా కెప్టెన్ 1877లో ఇలాంటి కోట్ల వ్యాపారమే మొదలుపెట్టాడు, ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. నూనె కోటు అవసరం లేని రోజుల్లో ముతక నూలు జుబ్బా వేసుకునేవారు. దాన్ని తెరచాపలతో వలలతో పాటు పెద్ద కాగుల్లో కాచు మరిగించి ముంచేవారు. కాచు అంటే మనం కిళ్లీలో వేసుకునే కాచే. బర్మా నుంచీ మన దేశం నుంచీ ఓడల్లో వెళ్లేది. ఉప్పునీళ్లలో నూలు కుళ్లకుండా కాపాడి, ఆ తీరమంతటికీ ఇటుక రంగు తెరచాపలను ఇచ్చింది. ఉత్తరాన ఐస్‌లండ్‌లో అయితే నూనె గుడ్డ కంటే ముందు గొర్రెతోలు బట్టలకు చేప కాలేయపు నూనె పూసేవారు. ఐస్‌లండ్ జాలరి ఊలు తొడుగు ఒకటి చెప్పకుండా ఉండలేను: ఒక్కో చేతి తొడుగుకు రెండు బొటనవేళ్లు. తెడ్డు రాపిడికి అరచెయ్యి అరిగిపోతే తొడుగును తిప్పి రెండో బొటనవేలులో దూర్చుకుంటే కొత్త అరచెయ్యి. ఎక్కడ చిరుగుతుందో ముందే తెలిసినవాళ్లు అక్కడా ఉన్నారు.

ఈ పని కాగితం మీదికి చాలా ఆలస్యంగా ఎక్కింది. ఫొటోలే ముందు. కార్న్‌వాల్‌లోని పోల్‌పెరోలో లూయిస్ హార్డింగ్ 1860ల్లోనే జాలరులను ఒక్కొక్కరిగా నిలబెట్టి ఫొటోలు తీశాడు. యార్క్‌షైర్ తీరంలోని విట్‌బీలో ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్ తీసిన గాజు పలకలు ఎంత స్పష్టంగా ఉంటాయంటే నమూనాను చూసి మళ్లీ అల్లొచ్చు. గ్లాడిస్ థామ్సన్ తీరం వెంట తిరిగి సేకరించిన నమూనాల పుస్తకం 1955లో వచ్చింది. కార్న్‌వాల్ నిట్‌-ఫ్రాక్‌ల మీద మేరీ రైట్ పుస్తకం 1979లో వచ్చింది. అప్పటికే జాలరులు యంత్రపు జెర్సీలకూ రబ్బరు కోట్లకూ మారిపోయారు. ఇప్పుడు షెరింగ్‌హామ్‌లోని మ్యూజియంలో, స్కాట్లండులోని ఆన్‌స్ట్రథర్ మత్స్యకారుల మ్యూజియంలో పాత గాన్సీలు చూడొచ్చు.

గాన్సీ పేరుతో అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికేవి చాలా. కొనాలనిపిస్తే ఛాతీ మీది లంగరును చూసి డబ్బులివ్వకండి. లోపలివైపు తిప్పి భుజం చూడండి, చంకలో వేలు పెట్టండి. చెయ్యి విడిగా అల్లి మిషను మీద కుట్టి ఉంటే, చంకలో డైమండు లేకపోతే, అది గాన్సీ నమూనా అచ్చువేసుకున్న మామూలు స్వెట్టరే.